గుల్ల గోడ

ఇనుప సామాన్ల దుకాణంలో గుర్వయ్య అలవాటు కొద్దీ, గోడ బెజ్జంలో కొట్టి స్క్రూ బిగించే ప్లాస్టిక్ ప్లగ్గుల పొట్లం బల్ల మీద పెట్టాడు. మెహమూద్ దాన్ని వేలితో పక్కకు నెట్టి, గోడకు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా పోయే పొడవాటి బోల్టులు ఆరు, వెనక బిగించడానికి ఇనుప బిళ్ళలు అడిగాడు. ఒక్కో బోల్టుకు నట్టు ఎక్కించి తిప్పి చూశాడు. మరలు అరిగిన ఒకటి మార్పించాడు.

యాభై ఏడేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లుగా మోత్కూర్ చుట్టుపక్కల గోడలకు బెజ్జాలు వేసి బతుకుతున్నాడు. డ్రిల్లు పట్టీ పట్టీ కుడి చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కూడా సన్నగా వణుకుతుంది. వేలి కణుపుతో తడితే చాలు, లోపల కాంక్రీటో, ఎర్ర ఇటుకో, గుల్ల ఇటుకో చెప్పేస్తాడు.

పక్క మండలం దవాఖానలో ఆడవాళ్ల మరుగుదొడ్డి గోడ గుల్లదని అతనికి పోయినేడే తెలుసు. పట్టుకొని లేవడానికి అక్కడ ఉక్కు కడ్డీ పెట్టాలని కాంట్రాక్టరు కమలాకర్ ప్లగ్గులిస్తే, ఇవి ఆగవని మెహమూద్ ఒక్కసారి అన్నాడు. టైం లేదు, పెట్టెయ్యమనగానే పెట్టేశాడు. నాలుగు రోజుల కింద కేతేపల్లి ముసలమ్మ బిక్షమ్మ ఆ కడ్డీ పట్టుకుని లేవబోతే అది ప్లగ్గులతో సహా ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. తుంటి ఎముక విరిగింది. పెద్ద దవాఖానకు పంపాలన్నారు గానీ ఎవరూ పంపలేదు.

తనిఖీకి పెద్దవాళ్లు వస్తున్నారు, కడ్డీ మళ్లీ బిగించమని నిన్న కమలాకర్ ఫోన్ చేశాడు. ముసలమ్మ బరువంతా దాని మీద వేసిందట, తప్పు ఆమెదేనట. ఆ కోపంతోనే మెహమూద్ బోల్టుల కోసం గుర్వయ్య దుకాణానికి వచ్చాడు.

దవాఖానలో బోల్టులు చూడగానే కమలాకర్ మొహం చిట్లించాడు. ఆ గోడకు అవతల వరండా. తనిఖీ కోసం అక్కడ నిన్ననే నవ్వుతున్న తల్లీబిడ్డల బొమ్మ వేయించారు. బోల్టులు దాంట్లోంచి బయటికొస్తాయి. పాత బెజ్జాల్లో తెల్ల సిమెంటు కూరి మళ్లీ ప్లగ్గులే కొట్టమన్నాడు.

"బొమ్మ ఖరాబైతది భాయ్."

"ముసలవ్వ తుంటి ఇరిగింది సార్. బరువు వెయ్యనీకి కాకుంటే గా కడ్డీ ఎందుకు? పోయినేడు మీరు చెప్తే ఇన్న, గది నా తప్పు. ఇయ్యాల ఇనను."

ఇంక తన దగ్గర పని దొరకదని కమలాకర్ అన్నాడు. మంచిదన్నాడు మెహమూద్. గుల్ల ఇటుక పెచ్చులూడకుండా డ్రిల్లుకు సుత్తిదెబ్బ ఆపేసి, బిట్టును నెమ్మదిగా తిప్పాడు. అది అవతల బొమ్మలోని తల్లి భుజంలోంచి బయటికొచ్చింది. ఆరు బోల్టులూ దూర్చి, వెనక బిళ్ళలు పెట్టి బిగించాడు. తర్వాత రెండు చేతులా కడ్డీ పట్టుకుని, కాళ్లు నేల నుంచి ఎత్తి, తన బరువంతా దాని మీద వేశాడు. కదల్లేదు. మళ్లీ వేలాడాడు. కోపం మాత్రం దిగలేదు.

బిక్షమ్మతో ఒక మాట చెప్పాలని వార్డులోకి నడిచాడు. నర్సు నాగరాణి ఖాళీ పరుపు తుడుస్తోంది.

"పొద్దుగాల్నే పానం పోయింది చాచా. ఇంటోళ్లు ఇప్పుడే తీస్కపోయిన్రు."

మెహమూద్ బల్ల మీది రిజిస్టరు వైపు చూశాడు. ఆమె ఎట్లా పడిందని రాశారో అడిగాడు. కాలు జారి పడిందని రిజిస్టరులో ఉందని నాగరాణి మెల్లగా చెప్పింది.

"జారలే బిడ్డా. ప్లగ్గులు ఊడినయి. గట్ల రాయి. పెట్టింది మెహమూద్ అని రాయి, ఇచ్చింది ఎవరో గది గూడ రాయి. నేను సంతకం పెడత."

గుమ్మంలో నిలబడ్డ కమలాకర్ రాయొద్దన్నాడు. నాగరాణి అతన్నీ ఇతన్నీ చూసి, చెయ్యి తుడుచుకుని, రిజిస్టరు తెరిచింది. చెప్పిందంతా రాసింది. మెహమూద్ కింద సంతకం పెట్టి, డ్రిల్లు భుజాన వేసుకుని, కమలాకర్ పక్కనుంచే బయటికి వెళ్లిపోయాడు.

నాగరాణి మళ్లీ మంచం దగ్గరికి వచ్చింది. పడుకున్న చోటు నుంచి లేచి కూర్చోవడానికి బిక్షమ్మ తానే కట్టుకున్న పాత చీర పీలిక ఇంకా మంచం ఇనుప కమ్మీకి వేలాడుతోంది. ఎంత గుంజినా దాని ముడి ఊడి రాలేదు.