సభలో చెల్లెలి మాట

ప్రెస్సు మూతపడి తొమ్మిదేళ్ళయినా ఊళ్ళో అందరూ ఆయన్ని ప్రెస్సాయన అనే పిలుస్తారు. ఇప్పుడాయన వేరేవాళ్ళ జిరాక్స్ షాపులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి పనిచేస్తాడు. ఒకప్పుడు ఆయన దగ్గరే పదకొండుమంది పనిచేసేవారు. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు అన్నీ అక్కడే అచ్చయ్యేవి. పాత మిషన్ తీసేసి కొత్తది పెట్టుకునేదాకా కాస్త ఊతమివ్వమని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. పెట్టిన అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి మిషన్ పాత ఇనుము కింద తూకానికి వెళ్ళింది.

అందుకే, మునిగిపోతున్న కార్ల ఫ్యాక్టరీని ప్రభుత్వం ఆదుకోబోతోందని పేపర్లో చదివినప్పుడు ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరిమీద చూపించాలో తెలియక, ఆదివారం భోజనానికి వచ్చిన చెల్లెలి మీద చూపించాడు. ఆవిడ ఆ ఫ్యాక్టరీలోనే ఇరవై రెండేళ్ళుగా కారు సీట్లకు కవర్లు కుడుతోంది.

"పెద్దవాళ్ళు తూలితే పట్టుకోవడానికి పదిమంది పరిగెత్తుకొస్తారు. నేను పడిపోతే ఎవరొచ్చారు?" అన్నాడు.

చెల్లెలు కూడా తక్కువ తినలేదు. నీ ప్రెస్సు పోయిందని ఇప్పుడు నాలుగు వేల ఇళ్ళలో పొయ్యి ఆరిపోవాలా అని అడిగింది. ఆ మాట నేననలేదన్నాడు ఆయన. పైకి అనకపోయినా మనసులో ఉన్నది అదేనని ఇద్దరికీ తెలుసు. ఆవిడ తిన్న కంచం కడిగి బోర్లించి, వదినకు వెళ్ళొస్తానని చెప్పింది. అన్నకు చెప్పలేదు. ఆ తర్వాత మూడు వారాలపాటు ఇద్దరిమధ్యా మాటల్లేవు.

ఈలోగా, సాయం చెయ్యాలా వద్దా అన్నది తేల్చే ముందు ఊరివాళ్ళ మాట వినడానికి ప్రభుత్వం ఒక కమిటీని పంపింది. చిన్న వ్యాపారుల సంఘం తరఫున మాట్లాడమని ప్రెస్సాయనను అడిగారు. దెబ్బ తిన్నవాడు చెబితే బలంగా ఉంటుందన్నారు. ఆయన నాలుగు పేజీలు రాశాడు. కొట్టేసి మళ్ళీ రాశాడు. భార్య బట్టలు మడత పెడుతుంటే ఎదురుగా నిలబడి చదివి వినిపించాడు. ఆవిడ చివరిదాకా విని, అంతా బాగానే ఉంది గానీ మీ చెల్లెలు ముందు వరసలో కూర్చుని ఉంటే ఇది చదవగలరా అని మాత్రం అడిగింది. చదవగలనన్నాడు, కాస్త గట్టిగానే.

సభ మునిసిపల్ ఆఫీసు హాల్లో జరిగింది. కమిటీలో ముగ్గురు. దానికి అధ్యక్షురాలు ఒక రిటైరైన జడ్జి. ముందుగా ఫ్యాక్టరీ పెద్ద మేనేజరు లేచి ముప్పావుగంట మాట్లాడాడు. ఉక్కు ధర పెరగడం దగ్గర్నుంచి పక్క దేశాల కార్లు దిగుమతి కావడం దాకా అందరి తప్పులూ ఏకరువు పెట్టాడు. అందులో తన తప్పు ఒక్కటీ లేదు. ప్రెస్సాయన లోలోపల నవ్వుకున్నాడు. ఇలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు మాట్లాడితే తన పని సులువైపోతుందనుకున్నాడు.

రెండో పేరు పిలిచేసరికి ఆయన చెల్లెలు లేచింది. ఆవిడ పేరిచ్చిన సంగతి ఆయనకు తెలియదు. చేతిలో ఒక గుడ్డ సంచీ ఉంది. పిల్లల చదువుల గురించి చెబుతుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, తను మాత్రం మెత్తబడకూడదు అని ఆయన మనసు గట్టి చేసుకున్నాడు.

ఆవిడ సంచీలోంచి ఒక సీటు కవరు ముక్క తీసి బల్లమీద పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని లాగి చూడమంది. జడ్జిగారు పెద్దగా బలం పెట్టకుండానే లాగారు. కుట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా సర్రున విడిపోయింది.

"ఇది కొని ఏడాది కూడా కాని కారులోదమ్మా. కుట్టింది మేమే," అంది చెల్లెలు. "నాలుగేళ్ళ కిందట ఖర్చు తగ్గించాలని గుడ్డా, దారమూ మార్చేశారు. ఈ గుడ్డకి ఈ దారం ఆగదని మా సెక్షన్లో పదహారుమందిమి సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. ఇచ్చింది కుట్టండి అన్నారు. కుట్టాం. జనం కొనడం మానేశారు."

మేనేజరు కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు. అయితే సాయం చెయ్యమంటారా, వద్దంటారా అని జడ్జిగారు అడిగారు.

"చెయ్యండమ్మా. మాకు పనొచ్చు. కానీ ఆ కాగితం పక్కన పడేసిన చేతుల్లోనే మళ్ళీ డబ్బు పోస్తే, రెండేళ్ళకి మనమంతా ఈ హాల్లోనే మళ్ళీ కూర్చుంటాం. ఏ గుడ్డ కొనాలో, ఏ కారు చెయ్యాలో తేల్చే దగ్గర పనిచేసేవాళ్ళని కూడా ఉండనివ్వండి. అది ఒప్పుకుంటేనే ఇవ్వండి."

ఆవిడ వచ్చి కూర్చుంది. సూపర్‌వైజరు ముందు ఏనాడూ గొంతు పెంచని మనిషి, ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఈ మాటలందని ఆయనకు అర్థమైంది. ఇంతలో ఆయన పేరు పిలిచారు.

కాగితాలు విప్పి మొదటి వాక్యం చదివాడు. పడిపోయే వ్యాపారాన్ని ప్రజల సొమ్ముతో నిలబెట్టడం అన్యాయం అని ఉంది. రెండో వాక్యం దగ్గర ఆగి చెల్లెలి వైపు చూశాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చదివింది సగం నిజమని ఇప్పటికీ అనుకుంటున్నాను," అన్నాడు. "నా ప్రెస్సు పోయేముందు, ఎక్కడ తప్పు జరిగిందని నన్నెవరూ అడగలేదు. అడిగుంటే చెప్పాల్సినవి నాకూ ఉన్నాయి. మిషన్ మార్చమని మా దగ్గర దాన్ని నడిపే అతను అయిదేళ్ళ ముందే చెప్పాడు. నేను వినలేదు."

ఆ సంగతి ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వెనక వరసలో కూర్చున్న భార్యకు కూడా అదే మొదటిసారి వినడం.

"నాకు దక్కలేదు కాబట్టి వీళ్ళకీ దక్కకూడదని అడగడానికొచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా చెల్లెలు చెప్పిన షరతుల మీద ఇవ్వండి. కానీ మాలాంటి చిన్నవాళ్ళ గోడు వినడానికి కూడా ఒక చోటుండాలి. సాయం చేసినా చెయ్యకపోయినా, వినండి."

బయటికొచ్చాక సంఘం ప్రెసిడెంటు ఆయన్ని చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయాడు. చెల్లెలు వచ్చి పక్కన నిలబడింది.

"రేపు నన్ను లోపలికి రానిస్తారో లేదో అన్నయ్యా," అంది.

"ఇద్దరం కలిసే వెళదాం. గేటు దాకా నేనొస్తాను," అన్నాడాయన.

మర్నాడు రానిచ్చారు గానీ, కుట్టు మిషన్ దగ్గరికి పోనివ్వలేదు. గోడౌన్లో అట్టపెట్టెలు మడిచే పనిలో వేశారు. పెదవి బిగించి రెండు నెలలు పెట్టెలు మడిచింది.

ఆ తర్వాత నిర్ణయం వచ్చింది. సాయం అందుతుంది, అయితే విడతలు విడతలుగా, తయారైన కార్లను పరీక్షించి చూశాకే. పెద్ద మేనేజరు తప్పుకున్నాడు. నాణ్యత చూసే కమిటీలో పనివాళ్ళనుంచి ముగ్గురిని తీసుకున్నారు. వాళ్ళలో చెల్లెలు ఒకరు. అలాగని అందరికీ మంచి జరగలేదు. పాత ఇంజన్ల సెక్షన్ మూసేశారు. మూడొందల మంది ఇంటిదారి పట్టారు. వాళ్ళలో కొందరు కొత్త పని నేర్చుకుంటున్నారు, కొందరు ఊరు విడిచి వెళ్ళారు. ఇదంతా సరైనదేనా అని ప్రెస్సాయనకు ఇప్పటికీ ఒక్కోరోజు అనుమానమొస్తుంది. ఆ రోజున చెల్లెలితో మళ్ళీ వాదన పెట్టుకుంటాడు, కానీ ఇప్పుడు ఆవిడ అన్నకు కూడా చెప్పే వెళుతుంది.

మునిసిపల్ ఆఫీసులో చిన్న వ్యాపారుల కోసం ఒక గది తెరిచారు. వారానికి రెండు రోజులు అక్కడ ఉండమని ఆయన్ని పిలిచారు. మొదటిరోజు లాండ్రీ నడిపే ఒకావిడ వచ్చింది. గుమ్మం దగ్గరే కాసేపు తటపటాయించి, లోపలికొచ్చి తన కష్టమంతా గంటన్నరసేపు వెళ్ళబోసుకుంది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"సాయం దొరుకుతుందంటారా?" అని అడిగింది చివర్లో.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. గట్టిగా ప్రయత్నిద్దాం," అన్నాడు. "గురువారం మళ్ళీ రండి. వచ్చేటప్పుడు మీ దగ్గర ఇస్త్రీ చేసేవాళ్ళని కూడా తీసుకురండి. వాళ్ళేమంటారో విందాం."