తిరిగే సీటు

షెడ్డు తలుపు కిర్రుమంటే చాలు, వంటింట్లోంచి అత్తగారి గొంతు లేచేది.

"వెళ్లారా మీ రెండో సంసారానికి?"

"వెళ్లాను. ఇక్కడైతే నా మాట వినేవాళ్లున్నారు," అనేవారు మామగారు లోపల్నుంచే.

రోజూ వినే మాటలే అయినా కోడలికి రోజూ నవ్వొచ్చేది.

ఆ రెండో సంసారం ఒక పాత కారు. అలాంటిలాంటి పాత కారు కాదు. బానెట్టు మీద ఇద్దరు పిల్లలు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. లోపల ముందు భాగమంతా నిజమైన చెక్క. ఒకప్పుడు అది పేరుమోసిన లాయరు గారిది. ఆయన కోట్లన్నీ మామగారే కుట్టేవారు. ఒకసారి కోర్టుకి వెళ్తూ లాయరు గారు టైలరు దుకాణం ముందు కారాపి, కొత్త కోటుతో సహా మామగారిని ముందు సీట్లో ఎక్కించుకున్నారట. కోటు నలక్కుండా రెండు చేతుల మీదా పట్టుకుని కూర్చున్న ఆ కాసేపటి గురించి మామగారు ఇప్పటికీ చెబుతారు. కోటు సంగతి చెప్పరు, సీటు సంగతే చెబుతారు. "కూర్చుంటే కూర్చున్నట్టు లేదమ్మాయ్. ఎవరో నా కొలతలు తీసి కుట్టినట్టుంది."

లాయరు గారు పోయాక కారు చాలా ఏళ్లు గోడౌన్లో మగ్గింది. లాయరు గారి ఇంటివాళ్లు దాన్ని తుక్కుకి వేసేస్తున్నారని తెలిసి మామగారు వెళ్లి అడిగారు. వాళ్లు నవ్వి తీసుకెళ్లమన్నారు. తాడు కట్టి లాక్కొచ్చిన రోజున రేడియేటరు ముందు పిట్టగూడు, సీట్లలో ఎలకల కాపురం. అత్తగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇన్నాళ్లూ గుడ్డ పీలికలే తెస్తున్నారనుకున్నాను. ఇప్పుడు ఇనప పీలికలు కూడానా?" అంది.

అప్పటికింకా ఆమె చకచకా నడిచేది. బళ్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. రోడ్డు మీద ఎవరైనా నడుం వంచి నడుస్తుంటే ముక్కూమొహం తెలియకపోయినా "వీపు నిటారుగా" అని కేకేసేది. అలాంటి మనిషి ఒకరోజు బాత్‌రూమ్‌లో కాలు జారి పడింది. తుంటికి ఆపరేషనైంది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పుడు కొడుకూ, పక్కింటాయనా, ఆటోవాడూ కలిసి ఆమెను ఆటోలోంచి ఎత్తి దించారు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. మంచం మీద కూర్చోబెట్టగానే ఆమె ప్రకటించింది.

"ఇదే ఆఖరు. ఇంక నన్నెవరూ సిమెంటు బస్తాలా మోయడానికి వీల్లేదు. నాకు నేనుగా ఎక్కగలిగే బండి ఉంటే వెళ్తాను. లేకపోతే గేటు దాటను."

ఊరికే అన్న మాట అనుకున్నారు అందరూ. కానీ ఆమె పట్టిన పట్టు విడవలేదు. వాకరు పట్టుకుని ఇల్లంతా తిరిగేది, వరండా చివరిదాకా వచ్చేది, అక్కడితో సరి. ఊరికి ఆ చివర ఉన్న సొంత అక్కతో కూడా ఫోన్లోనే మాటలు. ఆ అక్కకీ మోకాళ్లు అరిగిపోయాయి, ఆవిడా కదల్లేదు. ఒకే ఊళ్లో ఉండి అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని చాలా కాలమైంది. ఫోన్ పెట్టేశాక అత్తగారు గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోవడం కోడలు గమనించింది.

మామగారూ గమనించారు. మర్నాడు పొద్దున షెడ్డులోకి వెళ్లి కారు ముందు సీటు బోల్టులు విప్పడం మొదలుపెట్టారు.

అక్కణ్ణుంచి ఆ కారు పని వేరే పనైపోయింది. ఇంజను సంగతి ఆయన స్నేహితుడైన మెకానిక్ చూసుకున్నాడు. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా నల్లగా ఉండే అతన్ని ఇంట్లో అందరూ గ్రీజు బాబాయి అనేవారు. లారీ చక్రం బేరింగు ఒకటి తెచ్చి, దాని మీద ఇనప పలక వెల్డింగు చేసి, సీటు మొత్తం కారు తలుపు వైపు తిరిగేలా ఏర్పాటు చేసింది అతనే. తలుపు తీసి మీట నొక్కితే సీటు మెల్లగా బయటికి తిరుగుతుంది. మనిషి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే చాలు, మళ్లీ లోపలికి తిరుగుతుంది. వంగక్కర్లేదు, కాలు ఎత్తి గెంటుకోనక్కర్లేదు.

"పెద్ద తలుపున్న కారు కాబట్టి సరిపోయింది అన్నయ్యా," అన్నాడు గ్రీజు బాబాయి. "ఇప్పటి అగ్గిపెట్టెల్లో అయితే మోకాలు తగిలి వదిన మనిద్దర్నీ బెంచీ ఎక్కించేది."

మిగతాదంతా మామగారి చేతి పనే. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కోడలు సాయంత్రం ఇంటికి రాగానే టీ తాగి షెడ్డులోకి వెళ్లేది. ఆమెకు ఇచ్చిన పని చెక్కను ఉప్పుకాగితంతో రుద్దడం. రుద్దుతూ మామగారి చేతుల్నే చూసేది. కొలిచేటప్పుడు ఆయన టేపు కంటే ముందు అరచెయ్యి ఆనించేవారు. తుప్పు గీకిన చోట వేలితో తడిమి, కళ్లు మూసుకుని మళ్లీ తడిమేవారు. ఎక్కడో ఒక గరుకు, ఆమెకు కనపడనిది, ఆయన వేలికి దొరికేది. చెక్కకి మెరుగునూనె పట్టించిన రోజు అందులోని చారలు తేనె రంగులో బయటికొచ్చాయి. ఆయన వాటిని చూసి పేరు పెట్టి పిలిచే పిల్లల్ని చూసినట్టు నవ్వారు. తన మామగారు ఇంత అందగాడని కోడలికి ఆ రోజే తెలిసింది.

ఇక సీటు తోలు. వెనక సీటు వీపు మీది తోలొక్కటే ఎలకల పంటికి దొరక్కుండా మిగిలింది. ముదురెరుపు రంగు. ఇప్పుడు ఏ దుకాణంలోనూ ఆ రంగు దొరకదని గ్రీజు బాబాయి తేల్చేశాడు. మామగారు దాన్ని చాకుతో కుట్టు కుట్టూ కోసి విడదీశారు, సబ్బునీళ్లతో తుడిచారు, రోజూ నూనె రాశారు. అది చివరికి పసివాడి చెంపలా మెత్తబడింది. అప్పుడు కత్తిరించి, సీటుకు తొడిగి, అత్తగారిని ట్రయలుకి పిలిచారు.

ఆమె వాకరు పక్కన పెట్టి, వెనక్కి అడుగేసి, కూర్చుంది. సీటు తిరిగింది.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది అత్తగారు.

"కుడివైపు రెండు వేళ్లు లోపలికి నొక్కాలి. ఆపరేషనైన వైపు ఒత్తుకుంటోంది," అన్నారు మామగారు ఆమె చుట్టూ తిరిగి చూసి. సుద్ద ముక్కతో గీత గీశారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

కోడలు మాత్రం ఇంకొకటి చూసింది. సీటు తిరిగినంతసేపూ అత్తగారి ఎడం చెయ్యి తలుపు అంచును పట్టుకునే ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడేటంత గట్టిగా.

చెప్పాలనుకుంది. మామగారి మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు ఆమె ల్యాబునుంచి వచ్చేసరికి షెడ్డులో చప్పుడు లేదు. మామగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఎర్రతోలు. దాని మధ్యగా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, చీమలు బారుకట్టినట్టు చిన్నచిన్న చిల్లులు.

టైలర్లు ట్రయలుకి ముందు కచ్చా కుట్లు వేస్తారు. పెద్ద పెద్ద కుట్లు, తెల్లదారంతో. ట్రయలయ్యాక విప్పేసి, సరిచేసి, మిషను మీద గట్టి కుట్టు వేస్తారు. గుడ్డ మీదైతే కచ్చా కుట్టు విప్పాక కాస్త తడిచేసి గోటితో రుద్ది ఇస్త్రీపెట్టె ఆనిస్తే సూది పడిన ఆనవాలు కూడా ఉండదు. జీవితమంతా చేసిన పని. తోలు మీదా చెయ్యి దానంతటదే చేసుకుపోయింది. తోలు మీద సూది దిగితే దిగినట్టేనని, ఆ చిల్లు ఇక పూడదని ఆయనకి తెలియక కాదు. తెలిసింది తలకి, కుట్టింది చెయ్యి. ఇప్పుడు కుట్టు రెండు వేళ్లు జరగాలంటే ఆ చిల్లుల బారు సరిగ్గా మనిషి బరువు పడే చోటికి వస్తుంది. నాలుగుసార్లు కూర్చుంటే తపాలా బిళ్లలా చిరుగుతుంది.

"అన్నయ్యా, జిగురు అంటించి చూసుకోవాల్సింది," అన్నాడు పక్కనే నిలబడ్డ గ్రీజు బాబాయి మెల్లగా.

"తెలుసురా."

"వేరే రంగు తోలు తెద్దాం."

"వేరే తోలు అయితే నాకొద్దు." ఆయన లేచి కారు మీద టార్పాలిన్ కప్పేశారు. చెప్పులేసుకుని పార్కు వైపు వెళ్లిపోయారు.

తర్వాత కొన్నాళ్లు షెడ్డు తలుపు కిర్రుమనలేదు. మామగారు పేపరు చదివేవారు, చదివిన పేపరే మళ్లీ చదివేవారు. అత్తగారు రెండో సంసారం మాటే ఎత్తడం మానేసింది.

ఒక ఆదివారం వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు కోడలు చిక్కుళ్లు ఒలుస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ రోజు సీట్లో మీరు జారారు కదా అత్తయ్యా?"

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఎవరు చెప్పారు?"

"మీ చెయ్యే చెప్పింది."

"నీవి కళ్లు కావే అమ్మాయ్, భూతద్దాలు. నూనె రాసిన తోలు. బండ మీద సబ్బులా జారిపోయాను. చెయ్యి పట్టు తప్పితే కింద ఉందును," అంది.

"మరి బాగుందన్నారేం?"

"ఏమనమంటావు? ఆ ముసలాయన ఆ తోలుకి నూనె రాస్తున్నప్పుడు చూశావా? నాకు పెళ్లైన కొత్తలో కూడా అంత ముద్దు చెయ్యలేదు. ఎలా చెప్పను?"

"ఆ తోలు ఎలాగూ పోయింది. అదే కావాలని ఆయన బెంగ. దాని మీద మీరు కూర్చోలేరని ఆయనకి తెలియదు. మీరు చెప్పకపోతే కారు షెడ్డు దాటదు అత్తయ్యా. మీరు గేటు దాటరు."

చిక్కుళ్లన్నీ అయ్యాక అత్తగారు వాకరు అందుకుని వరండాలోకి నడిచింది. కోడలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏమండీ. నేను జారాను."

మామగారు కంగారుగా పేపరు పడేశారు. "ఎక్కడ? దెబ్బ తగిలిందా?"

"ఇప్పుడు కాదు. ట్రయల్లో. మీ తోలు సీటు మీద. తలుపు పట్టుకుని కూర్చున్నాను."

మామగారికి కోపం రావడం కోడలు మొదటిసారి చూసింది.

"ట్రయలు ఎందుకు పెడతారనుకున్నావు? బాగుందని చెప్పడానికా? ఎక్కడ పట్టేస్తోందో చెప్పడానికి. జడ్జీలు చెప్పేవారు నాకు, మాస్టారూ చంకలో పట్టేస్తోందని. పెళ్లికొడుకులు చెప్పేవారు. నువ్వు చెప్పవా? నేను నీకు పరాయి టైలర్నా?"

"మీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"నా మొహం చూడ్డానికా సీటు? పద. కాదు, ఇక్కడే కూర్చో. అమ్మాయ్, టేపు తీసుకురా."

వరండా కుర్చీలోనే ఆమెను కూర్చోబెట్టి మళ్లీ మొదట్నుంచీ కొలిచారు. ఎక్కడ జారింది, ఏ క్షణాన జారింది, పాదం అప్పుడు నేల మీద ఉందా గాల్లో ఉందా, అన్నీ అడిగారు. అత్తగారు ఈసారి దాచుకోలేదు. తొడ కింద ఎత్తు చాలదంది, వీపు దగ్గర లోతెక్కువైందంది, తిరిగేటప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలంది. చెప్పేకొద్దీ గొంతు పెరిగి పాత డ్రిల్లు టీచరైపోయింది. చెప్పేకొద్దీ మామగారి భుజాలు నిటారుగా అయ్యాయి.

"జారనిది కావాలంటే గుడ్డే," అన్నారు చివరికి. "కోటు గుడ్డ. దళసరి ఉన్ని."

కబురందుకుని వచ్చిన గ్రీజు బాబాయి తొడ చరుచుకున్నాడు. "నాకు తట్టనే లేదన్నయ్యా. తొలినాళ్ల పెద్ద కార్లలో తోలు డ్రైవరుకేగా వేసేవాళ్లు. ఎండకీ వానకీ తట్టుకోవాలని. యజమాని కూర్చునేది వెనక, మంచి ఉన్నిగుడ్డ మీద."

"విన్నారా? యజమాని గుడ్డ," అంది అత్తగారు.

ఆ తర్వాత షెడ్డులో జరిగింది పని అనడానికి కోడలికి మనసొప్పలేదు. బూడిదరంగు గుడ్డ, సన్నని తెల్లచార. మామగారు సుద్దతో ఒక్క గీత గీస్తే దాన్ని మళ్లీ దిద్దుకోలేదు. కత్తెర నీళ్లలో చేపలా పోయింది. సీటు పీట మీది చార వీపు మీది చారతో కలవాలి, పక్కల్లోంచి తిరిగి వచ్చి మళ్లీ అక్కడే కలవాలి. వంపు ఉన్న ప్రతిచోటా గుడ్డను ఆవిరిలో తడిపి, ఇస్త్రీపెట్టెతో నెమ్మదిగా లాగి, చాతీకి కోటు పట్టించినట్టు పట్టించారు. కచ్చా కుట్లు వేశారు, విప్పారు, మళ్లీ వేశారు, మళ్లీ విప్పారు. ఇప్పుడు ఎన్నిసార్లు విప్పినా ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ట్రయలుకి పిలిచిన ప్రతిసారీ అత్తగారు ఒక తప్పు పట్టింది. పట్టిన ప్రతిసారీ ఆయన ఈల వేస్తూ సూది అందుకున్నారు. తలుపు పక్కన, ఆమె చెయ్యి దానంతటదే వెళ్లే చోట, మిగిలిన ఎర్రతోలు చుట్టి ఒక పిడి బిగించారు.

ఒక ట్రయలుకి అత్తగారు కూర్చుంది, తిరిగింది, దిగింది. మళ్లీ కూర్చుంది.

"చెప్పు," అన్నారు మామగారు.

"చెప్పడానికేం దొరకడం లేదండీ."

ఆయన తల పక్కకి తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నమే బయల్దేరారు. కోడలు నడిపింది, మామగారు తోలు ఊడిన వెనక సీటు మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. గేటు దాటినప్పుడు కోడలు పక్కకి ఓరగా చూసింది. అత్తగారు గేటుకేసి చూడనే లేదు. ముందున్న రోడ్డునే చూస్తోంది, వీపు నిటారుగా. ఇంజను చప్పుడు పెద్దగా లేదు. ఎదురొచ్చే బళ్లు కాస్త నెమ్మదించి దారిచ్చాయి.

అక్కగారింటి ముందు ఆగేసరికి ఆవిడ చేతికర్ర పట్టుకుని వసారాలోకి వచ్చి నిలబడి ఉంది. ఎదురింటి మనిషొకాయన కారును చూసి దగ్గరికొచ్చి, అత్తగారి వాకరు చూసి, సాయం చేద్దామని రెండు చేతులూ చాచాడు.

"అక్కర్లేదు నాయనా. కొంచెం అలా పక్కకి జరుగు."

మీట నొక్కింది. సీటు చప్పుడు లేకుండా రోడ్డు వైపు తిరిగింది. ఎర్రపిడి మీద చెయ్యి ఆనించి, పాదాలు రెండూ నేలకి ఆన్చి, అత్తగారు లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు సవరించుకుంది. ఆ మనిషి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

వసారాలోంచి అక్కగారు అరిచింది. "ఎవరు దింపారే నిన్ను?"

"ఎవరూ దింపలేదు. నేనే దిగాను."

అక్కగారు కర్ర తాటించుకుంటూ మెట్టు దగ్గరికి వచ్చేసింది. "అయితే ఉండు. నువ్వు లోపలికి రాకు. ముందు నన్ను ఒకసారి అందులో కూర్చోనివ్వు."

కోడలు ఆవిడ చెయ్యి అందుకోబోయి, అత్తగారి చూపు చూసి ఆగిపోయింది. మామగారు అప్పటికే వెనక సీట్లోంచి దిగి, ఖాళీగా ఉన్న ఆ ముందు సీటు మీదికి వంగి, గుడ్డను అరచేత్తో నిమురుతున్నారు.

"వదినగారు కాస్త పొడుగు," అన్నారు తనలో తాను. "తొడ కింద ఇంకో వేలు ఎత్తు పెట్టాలి."