పదిహేడు తూటాలు

స్వీడన్‌లోని మా హార్యెదాలెన్‌లో దుప్పుల వేట సెప్టెంబరు మొదటి సోమవారం మొదలవుతుంది. ఈ ఏడు దళంలో నేనూ ఉన్నాను. "పట్నం పిల్ల, దుప్పి కనబడితే దండం పెట్టి వదిలేస్తుంది" అని వెక్కిరించినవాళ్ల నోళ్లు మూయించింది మా మామగారు హోల్గెరే.

ఆయన నేర్పిన మొదటి పాఠం ఒకటే: ఇంకొకరు ఇంట్లో చేత్తో మందు కూరిన తూటా ముట్టుకోకూడదు, కన్నతండ్రి కూరినా సరే. అలాంటి మనిషి తను కూరిన తూటాల పెట్టె నాకు కానుకిచ్చాడు. మూత మీద తేదీ, నా పేరు తూవా, ఆయన చేతిరాతే. ఇరవై పట్టే పెట్టెలో పదిహేడే ఉన్నాయి.

"మూడు నా తుపాకీలో పేల్చి చూశానమ్మాయ్. వెన్నపూసే అనుకో!" అన్నాడు.

మా తుపాకులు రెండూ ఒకే కొలతవి. మామయ్య మాట కదా అని, ఆయన నేర్పిన పాఠాన్నే పక్కన పెట్టాను.

ఆదివారం గురి మైదానంలో మొదటిది పేల్చాను. భుజం అదిరింది, కళ్లలోకి వేడి పొగ తన్నింది. ఖాళీ గుల్లను బయటికి లాగే బోల్టు పిడి ఎత్తబోతే కదల్లేదు. కాలితో తన్ని తెరిచే మొండివాళ్లను చూశాను. నేను తన్నలేదు. పెట్టె మూసేసి, తుపాకీ తీసుకుని నేరుగా మామయ్య షెడ్డుకి వెళ్లాను.

ఆయన గొట్టాన్ని గోడవైపు తిప్పి బిగించి, చెక్కసుత్తితో బోల్టు పిడిని మెల్లగా తట్టాడు. పదో దెబ్బకి తెరుచుకుంది. ఖాళీ గుల్ల అడుగున మందు అంటించే టోపీ నలిగి చదునైపోయింది. దాన్ని చూసి చటుక్కున జేబులో వేసుకున్నాడు.

"లోపల తుడిచి ఎన్నాళ్లయింది? అదీ నేనే చెయ్యాలా?" అని నన్నే దెప్పి, కాఫీకి ఇంట్లోకి వెళ్లాడు.

కూరిన ప్రతిదీ రాసుకునే ఆయన నోటుపుస్తకం బల్ల మీదే ఉంది. నా పెట్టె మీది తేదీ వెతికాను. "కొత్త మందు. మూడు పేల్చాను. మూడోదానికి బోల్టు బిగిసింది. మందు ఎక్కువైంది. మిగతావి విప్పెయ్యాలి."

కంచే చేను మేసింది. ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆయన కాఫీ కప్పులతో రాగానే అడిగేశాను.

"విప్పెయ్యాలని రాసుకుని నాకెందుకిచ్చారు మామయ్యా?"

ఆయన కప్పులు బల్ల మీద పెట్టాడు. "పదిహేడు విప్పడమంటే మాటలా? నీది కొత్త తుపాకీ, తట్టుకుంటుందనుకున్నా."

పెట్టెలోంచి ఒకటి తీసి ఆయన ముందు నిలబెట్టాను. "అయితే ఇది మీ తుపాకీలో పేల్చండి. ఇప్పుడే, నా ఎదురుగా."

ఆయన తన తుపాకీ ఉన్న ఇనుప బీరువా వైపు చూశాడు. చెయ్యి మాత్రం కదల్లేదు.

"అది మా నాన్న ఇచ్చిన తుపాకీ" అని గొణిగాడు.

"ఈ కళ్లు మా అమ్మ ఇచ్చినవి."

మిగిలిన పదహారూ ఆయన ఒక్కొక్కటే విప్పేదాకా ఎదురుగా కూచున్నాను. ఆయన పోసిన కాఫీ ముట్టుకోలేదు.