మా అమ్మాయి బండికి చక్రాలు

"నిన్ను రంగు ఒక్కటే అడుగుతున్నాం కదా, అది చెప్పు చాలు" అన్నారు మా ఆయన.

నేను బఠానీలు ఒలుస్తున్నాను. బల్లకి అటు చివర ఆయనా మా మరిదీ ఒకే ఫోనులోకి తలలు దూర్చి కూర్చున్నారు. మా అమ్మాయికి కొనబోయే బండి ఫొటో అందులో ఉంది. బండి ఒకటే, రకాలు రెండు. పై రకానికి పందొమ్మిది అంగుళాల చక్రాలు, కింది రకానికి పదిహేడు. మిగతాదంతా ఇంచుమించు ఒకటేనట. నేను అడిగింది చక్రాల సంగతి. వాళ్లు చెప్పమన్నది రంగు.

"తెలుపు" అన్నాను.

"చూశావా, అడిగితే చెప్తుంది" అన్నారు తమ్ముడితో, చంటిపిల్ల చేత పద్యం చెప్పించినట్టు.

మా అమ్మాయి పశువుల డాక్టరు. ఊరి బయట కంకర క్వారీలు దాటాక పెద్ద పెద్ద పశువుల కొట్టాలున్నాయి. వాటి జ్వరాలు, కాన్పులు అన్నీ అదే చూస్తుంది. అక్కడికి వెళ్లడానికి ఒకటే దారి. దాన్ని రోడ్డు అనడం అలవాటు కొద్దీ అనడమే గానీ, కంకర లారీలు తిరిగి తిరిగి దాన్ని ఎప్పుడో దున్నేశాయి. అమ్మాయి ఇన్నాళ్లూ తోలిన చిన్న కారు పొట్ట ఆ రాళ్లకి రాసుకుని రాసుకుని చివరికి చేతులెత్తేసింది. అందుకని ఎత్తుగా ఉండే బండి కొనాలనుకున్నాం. అంతవరకూ ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. కూరలో ఉప్పు దగ్గర కూడా ఒక్క మాట మీద ఉండని ఇల్లు మాది.

నా చదువు పదో తరగతితో సరి. చక్రాల గురించి నాకు తెలిసిందల్లా అమ్మాయి చెప్పిందే. రెండు రకాలకీ బయటి చుట్టుకొలత ఒకటేనట. లోపలి లోహపు చక్రం పెద్దదైన కొద్దీ దాని చుట్టూ ఉండే రబ్బరు పలచబడుతుంది. చూడ్డానికి బావుంటుంది. నున్నటి రోడ్డు మీద హాయిగా పోతుంది. గుంటలో పడితే మాత్రం ఆ పలచటి రబ్బరు నలిగి, దెబ్బ నేరుగా లోహానికి తగులుతుంది. చిన్న చక్రమైతే రబ్బరు మందంగా ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ అదే మింగుతుంది. నాకు ఇది చెప్పుల సంగతిలా అర్థమైంది. ఫంక్షన్లకి వేసుకునే పలచటి చెప్పులతో ఒకసారి కంకర మీద నడిచిచూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఇదే మాట అమ్మాయి వాళ్ల నాన్నకీ చెప్పింది.

"కంపెనీ వాళ్లకి తెలీదా? అంత పనికిరానివైతే ఖరీదైన రకానికి అవెందుకు పెడతారే?" అన్నారాయన. "చిన్నవి వేస్తే అంత బండీ ఏనుగుకి ఎలక కాళ్లు అతికించినట్టుంటుంది."

"అవునన్నయ్యా" అన్నాడు మా మరిది. అతను అన్నయ్య మాటకి ఎప్పుడూ అవునంటాడు. అదొక్కటే అతను మానకుండా చేసే పని.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా ఇంట్లో కీడెంచే పని నాది, మేలెంచే పని మిగతా వాళ్లది. నన్ను ఇంట్లో 'వాతావరణ శాఖ' అంటారు. పొద్దున్నే చెప్పులేసుకుంటూ మా ఆయన "వాతావరణ శాఖ ఇవాళ ఏమంటోంది?" అని నవ్వుతారు. నవ్వుతూనే నేను సంచిలో పెట్టిన గొడుగు పట్టుకెళ్తారు. సొరుగులో జ్వరం మాత్రలుంటాయి, అలమరలో టార్చిలైటుంటుంది, పక్కింట్లో మా తాళంచెవి ఇంకోటి ఉంటుంది. ఇవన్నీ ఎక్కణ్ణించి వచ్చాయని ఎవరూ అనుకోరు. నేను పొద్దస్తమానం కూర్చుని భయపడగా వచ్చాయి. వంటకి జీతం లేదని అందరికీ తెలుసు. భయపడడం కూడా పనేనని ఎవరికీ తోచదు.

కానీ ఆ భయానికి ఇంట్లో ఇంకో వాడకం ఉంది. అమ్మాయి చిన్నప్పుడు ఈత నేర్చుకుంటానంటే "మీ అమ్మ భయపడుతుంది" అన్నారు. దూరంగా చదువుకి వెళ్తానంటే "మీ అమ్మ తట్టుకోలేదు" అన్నారు. నన్నెవరూ అడగలేదు. నేను భయపడ్డమాట నిజమే. వద్దన్నమాట మాత్రం నిజం కాదు. పిల్ల మాత్రం చాలా కాలం నేనే వద్దన్నాననుకుంది. తాళం నా పేరు మీద ఉంటుంది, చెవి వేరేవాళ్ల దగ్గర ఉంటుంది. ఇలాంటి ఏర్పాటు మా ఇంట్లోనే ఉందో, అన్ని ఇళ్లలోనూ ఉందో నాకు తెలీదు.

షోరూముకి నలుగురం వెళ్లాం. మా అత్తగారు నడుం నొప్పి అంటూనే వచ్చారు. బండి ఎవరిదో ఆ మనిషి మాత్రం రాలేదు. అమ్మాయి ఒక ఆవు కాన్పు దగ్గర ఉండిపోయింది. నేల అద్దంలా ఉంది. ఆ నేల మీద, ఆ దీపాల కింద, పెద్ద చక్రాలు నిజంగానే బావున్నాయి. నేను వంగి టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కిచూశాను. నా వేలు పొడుగు కూడా లేదు రబ్బరు.

అమ్మే కుర్రాడు మర్యాదస్తుడు. "మేడమ్, ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు.

"రాళ్ల దారిలో రోజూ తిరగాలంటే రెండింట్లో ఏది నయం బాబూ?"

అతను జవాబు మా ఆయన వైపు తిరిగి చెప్పాడు. "రాళ్ల దారంటే సార్, పదిహేడైతే కొంచెం... కానీ లుక్ మాత్రం పందొమ్మిదే సార్."

"మా ఇంటి వాతావరణ శాఖ లెండి" అని నవ్వారు మా ఆయన. కుర్రాడు కూడా ఎంత నవ్వాలో అంత నవ్వాడు.

నేను ఊరుకోలేదు. ఆయన్ని పక్కకి పిలిచి మెల్లిగా చెప్పాను. "ఏమండీ, సాయంత్రం పూట ఆ క్వారీల దగ్గర టైరు పేలిందనుకోండి. ఆడపిల్ల ఒక్కతే. ఫోను కూడా సరిగ్గా కలవదు అక్కడ."

ఆయన మొహంలో నవ్వు పోయింది. నా భయం ఆయనకి అంటిందనుకున్నాను. "అంత భయంకరమైన చోటికి అసలు దాన్నెందుకు పంపిస్తున్నాం?" అన్నారు. "ఆ ఉద్యోగం మానెయ్యమందాం. బండి గొడవే ఉండదు."

"నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నా" అన్నారు అత్తగారు కుర్చీలోంచి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

నేను నోరు మూసుకున్నాను. చక్రాల గురించి ఇంకొక్క మాటంటే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం నిలవాలంటే చక్రాల గురించి మాట్లాడకూడదు. ఈ లెక్క నాకు అక్కడే, ఆ అద్దంలాంటి నేల మీద నిలబడే తెలిసింది. బండి పందొమ్మిది అంగుళాల చక్రాలతోనే తీసుకున్నారు. అందులో తెలుపు లేదన్నారు. నలుపు వచ్చింది.

మొదటి ఆదివారం అందరం ఆ దారిన వెళ్లాం, అమ్మాయి పనిచేసే చోటు అత్తగారికి చూపించడానికి. ఏదో అర్జెంటు కేసని కొట్టాల వాళ్లు ఆ రోజుకి జీపు పంపితే, అమ్మాయి అప్పటికే అందులో వెళ్లిపోయింది. క్వారీల మలుపు తిరిగాక మా ఆయన బండి ఆపారు. "కొంచెం దిగి ముందు నడువు. రాయి ఏదైనా పెద్దదుంటే చెప్పు. కొత్త చక్రాలు, అంచు గీసుకుంటే చూడలేం."

దిగాను. నేను ముందు, బండి వెనక. "ఎడం, ఎడం" అని చేత్తో చూపిస్తూ, మరీ పెద్ద రాళ్లని పక్కకి నెడుతూ నడిచాను. దుమ్ము లోపలికొస్తోందని అత్తగారు అద్దం ఎత్తించుకున్నారు. ఆ తర్వాత నా మాట వాళ్లకి వినపడక, వాళ్ల మాట నాకు వినపడక, ఆయన హారన్ కొడితే ఆగడం, కొట్టకపోతే నడవడం. కంకర ఎత్తే ఆడవాళ్లు ఇద్దరు ఆ పక్కనే గంపలు దించుకుని కూర్చుని ఉన్నారు.

"ఏమ్మా, బండి చెడిపోయిందా?" అని అడిగింది ఒకామె.

"లేదు, కొత్తదే."

"మరి నువ్వెందుకు నడుస్తున్నావ్?"

"చక్రాలకి రాళ్లు తగలకుండా."

ఆమె రెండో ఆమె వైపు తిరిగింది. "వింటున్నావా? మనకీ ఇలా ముందు నడిచే మనిషి ఒకతుంటే కాళ్లకి ఈ పుళ్లు ఉండేవి కావు!" ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. హారన్ మోగింది.

ఇంటికొచ్చాక మా ఆయన సోఫాలో వెనక్కి వాలి, "చూశావా, ఒక్క కుదుపు లేదు. అనవసరంగా భయపెట్టావ్ అందర్నీ" అన్నారు. నేను కాళ్లు కడుక్కుంటున్నాను. సోమవారం అమ్మాయి ముందు ఎవరు నడుస్తారు అని ఒక్కటే ఆలోచించాను.

ఎవరూ నడవలేదు. అది ఒక్కతే వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. నేను కిటికీ దగ్గర గిన్నెలు తుడవడం అలవాటు చేసుకున్నాను, వీధి మలుపు కనబడుతుందని. తర్వాత వానలు మొదలయ్యాయి. గుంటలు నీళ్లతో నిండితే ఏది లోతో ఏది కాదో తెలీదు.

ఓ సాయంత్రం ఫోనొచ్చింది. "అమ్మా, కంగారు పడకు" అంది. ఆ మాటతో మొదలైన ఏ కబురూ కంగారు లేకుండా అవలేదు నా జన్మలో.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేం కాలేదు. బండి గుంటలో పడింది. టైరు పక్కకి చీలిపోయింది, చక్రం అంచు వంగిపోయింది. స్టెపినీ వేసుకుంటున్నా. ఇక్కడ కంకర పనివాళ్లు టైరు కింద రాయి అడ్డం పెట్టారు. వస్తున్నా." గొంతు తగ్గించింది. "అమ్మా, నాన్నకి చెప్పకు. చెప్తే ఏమంటారో నీకు తెలుసు."

"తెలుసు" అన్నాను.

వంటింట్లోకి వెళ్లి పొయ్యి తగ్గించాను. నా బుర్రలో జరగాల్సినవన్నీ జరుగుతున్నాయి. లారీ వచ్చింది, జాకీ జారింది, చీకటి పడింది, ఎవరో ఆగారు. ఒక్కోటీ పూర్తిగా చూశాను. అలవాటైన పనే కాబట్టి కూర మాడనివ్వలేదు. మా ఆయన వచ్చి "అమ్మాయి ఇంకా రాలేదా?" అన్నారు. "దారిలో ఉంది" అన్నాను. అబద్ధం కాదు.

చీకటి పడే వేళకి వచ్చింది, మోచేతుల దాకా బురదతో. చెప్పకపోయినా దాగే సంగతి కాదు. స్టెపినీ ఎవరూ చూసుకునేది కాదు కదా, కంపెనీ వాళ్లు దానికి సోకు లేని చిన్న చక్రం, మందం రబ్బరు పెట్టారు. దీపం వెలుగులో బండి చూస్తే మూడు చక్రాలు పెళ్లికొచ్చినట్టూ ఒకటి పనికొచ్చినట్టూ ఉన్నాయి. మా ఆయన వాకిట్లో నిలబడి ఆ నాలుగో చక్రం వంక చాలాసేపు చూశారు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నారు. మా మరిదిని పిలిపించారు.

"ఇంక చాలు" అన్నారు. "రేపే రాజీనామా ఇచ్చెయ్."

"నాన్నా, టైరు పోయింది. టైర్లు అందరికీ పోతాయి."

"ఇవాళ టైరు. రేపు ఇంకోటి."

"ఊళ్లోనే చిన్న క్లినిక్ పెట్టుకోమ్మా" అన్నాడు మరిది. "కుక్కలు, పిల్లులు. నీట్‌గా ఉంటుంది."

"బాబాయ్, అక్కడ నాలుగొందల పశువులున్నాయి. వాటిని పిల్లులతో పాటు క్లినిక్‌కి తెమ్మంటావా?"

"మాటకి మాట!" అన్నారు అత్తగారు. "ఆడపిల్లకి ఆవుల వెంట పరుగులేంటే? చూసుకో ఆ చేతులు."

అమ్మాయి చేతులు చూసుకుంది. బురద కింద ఒక వేలు కణుపు దగ్గర చర్మం లేచిపోయి ఉంది. స్పానర్ జారి ఉంటుంది. పసిపిల్లప్పుడు దెబ్బ తగిలితే ఏడవడం కన్నా ముందు నా వైపు చూసేది. ఇప్పుడు చూడలేదు. నేనేమంటానో తనకి ముందే తెలుసన్నట్టు నేల చూస్తోంది.

మా ఆయన నా వైపు తిరిగారు. గొంతు చాలా మెత్తగా ఉంది. ఇన్నేళ్లలో చాలా అరుదుగా విన్న గొంతు. "నువ్వు చెప్పు. నేను చెప్తే వినదు. మొదటి నుంచీ భయపడింది నువ్వే కదా. షోరూములో కూడా అన్నావు, నేనే నవ్వాను. ఒప్పుకుంటున్నా. నువ్వే కరెక్టు. చెప్పు దానికి."

అందరూ నా వైపే చూస్తున్నారు. మరిది కూడా ఫోను పక్కన పెట్టాడు. అత్తగారు తలూపుతున్నారు, కానివ్వు అన్నట్టు. ఇంతమంది నా మాట కోసం ఒకేసారి ఎదురుచూడడం ఆ ఇంట్లో నాకు కొత్త. నేను కరెక్టు అనడం మరీ కొత్త. కొంచెం సంతోషంగా కూడా అనిపించింది, దాచడం ఎందుకు. సరేనంటే చాలు. ఇక కిటికీ దగ్గర గిన్నెలు తుడవక్కర్లేదు. పిల్ల పొద్దు గూకకముందే ఇంట్లో ఉంటుంది. నేను హాయిగా నిద్రపోతాను, అది మాత్రం నిద్రపోదు.

గుడ్డ తడిపి తెచ్చి అమ్మాయి చెయ్యి పట్టుకుని బురద తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తూనే చెప్పాను.

"నేను భయపడుతూనే ఉంటాను. అది వెళ్తూనే ఉంటుంది. మీరు ఆ మిగిలిన మూడు చక్రాలూ మార్పించండి."