రెండో పాదంలో జీర

పొద్దున్న ఆరుంపావుకి మేడ మీద బట్టలు ఆరెయ్యడం నా పని. ఇంట్లో మిగతా పనులూ నావే, కాని మేడ మీదికి నా వెనక ఎవరూ రారు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మా ఆయన ప్రమోద్‌కి పేపరు. అందుకని ఆ ఇరవై నిమిషాలూ నావి. మా అమ్మమ్మ తిరగలి తిప్పుతూ పాడిన పాటలు నాకు నూటికి పైగా వచ్చు. పదకొండు నెలల కిందట ఒకరోజు ఫోనుని పిట్టగోడకి ఆనించి, తడి పైజామా దులిపి తీగ మీద వేస్తూ ఒక పాట పాడి, నా పేరుతో ఒక పేజీ తెరిచి అందులో పెట్టాను. పుణే హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఒక హృదయం గుర్తు నొక్కి వదిలేసింది. మా పిన్ని "వెనకాల ఆ పైజామా ఏమిటే" అని రాసింది. మూడోవాడు ఏకాకి బాటసారి అని పేరు పెట్టుకున్నవాడు. బొమ్మ స్థానంలో అస్తమిస్తున్న సూర్యుడు. "రెండో పాదం చివర మీ గొంతు కొంచెం జీరపోయింది. దాన్ని సరిచెయ్యకండి. పాటంతా అక్కడే ఉంది" అని రాశాడు.

ఆ మాట నాలుగుసార్లు చదువుకున్నాను. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది. నా గొంతు గురించి ప్రమోద్ అన్న మాట ఒక్కటే, "మెల్లగా మాట్లాడు, ఫోన్లో ఉన్నాను." సాంగ్లీ మార్కెట్ యార్డులో పసుపు వ్యాపారి ఆఫీసులో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాను. జీఎస్టీ లెక్కలు నేనే చూస్తాను, కాని బయటి ఊరి వ్యాపారులు వస్తే శేఠ్ గారు "ఉజ్వలా, నీ చేతి టీ అయితే బాగుంటుంది" అంటారు. అక్కడ టీ పెట్టడం వచ్చిన మగవాళ్ళు నలుగురున్నారు. సాయంత్రం పసుపు దుమ్ముతో ఇంటికొస్తే అత్తగారు "కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి రా" అంటుంది. రా అనడమే, కూర్చో అనడం లేదు. ఇంతమంది నోళ్ళలో నా పేరు నలుగుతుంది, నా గొంతు ఎక్కడ జీరపోతుందో విన్నవాడు మాత్రం ఒక్కడే. దాచడం దేనికి, మర్నాటి నుంచీ ఎదురుచూశాను. తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఫోను చూసుకునేదాన్ని. అతను ప్రతి పాటకీ రాసేవాడు. "ఇవాళ తొందరలో పాడారు, ఎవరో పిలిచినట్టున్నారు." నిజమే, పిలిచారు. ప్రమోద్‌కి సాక్సు దొరకలేదు.

అయిదో నెలలో మీరు అన్నవాడు నువ్వు అన్నాడు. "ఇవాళ ఆకుపచ్చ చీరలో బస్‌స్టాపులో నిలబడ్డావు. ఆ రంగులో అలసిపోయినట్టు కనపడతావు." ఫోను నా చేతిలో తేలులా ఉంది. ఆ చీర మళ్ళీ కట్టలేదు. బస్సు మార్చాను. "కొత్త బస్సులో నీకు సీటు దొరకదు" అని రాశాడు. వాణ్ణి బ్లాక్ చేశాను. మర్నాడు ఏకాకి బాటసారి రెండు వచ్చాడు. వాణ్ణీ తీసేస్తే మూడు. సినిమాలకి కూడా అన్ని భాగాలు రావు. ఏడో బాటసారి దగ్గర నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. స్టాపులో నిలబడ్డ ప్రతి మగవాడి మొహంలోకీ చూడటం అలవాటైంది. కొందరు అది వేరేగా అనుకుని నవ్వడం మొదలుపెట్టారు, అదొక కొత్త తలనొప్పి.

పోలీస్ స్టేషన్లో అబ్బాయి, అక్కా అన్నట్టు తాయీ అని పిలిచి, మర్యాదగానే కూర్చోబెట్టాడు. "తాయీ, అసలు పేరూ ఊరూ ఏవైనా తెలిస్తే రండి" అన్నాడు. అవి తెలిస్తే నేనే వెళ్ళేదాన్ని కదా. ప్రమోద్‌కి చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ విని, "నువ్వు పాడకపోతే వాడెందుకు వింటాడు?" అన్నాడు. అత్తగారు పక్కనుంచి, "మా రోజుల్లో తిరగలి పాటలు తిరగలికే పాడేవాళ్ళం" అంది. చివరికి ప్రమోద్ తీర్పు చెప్పాడు. "ఈ ఆదివారంలోగా ఆ పేజీ మూసెయ్. వాడూ పోతాడు, నాకూ ప్రశాంతత." దొంగ పడ్డాడని ఇల్లు కూల్చమన్నట్టుంది. కాని ఎదురు చెప్పడానికి నాకే గొంతు లేదు. వాడి మాటల కోసం నేను నాలుగు నెలలు ఎదురుచూసిన సంగతి నాకు తెలుసు కదా, అది తప్పులా లోపల గుచ్చుతుండేది.

గురువారం పొద్దున్న ఏడో బాటసారి ఫొటో పంపాడు. "నీ పాట వింటూ టిఫిను." స్టీలు ప్లేటులో అటుకుల పోహా, పైన కొబ్బరి, కొత్తిమీర, పక్కన నిమ్మ చెక్క. ప్రమోద్ చూసి "పోహా" అన్నాడు, అదేదో కనిపెట్టినట్టు. నా కళ్ళు మాత్రం ప్లేటు అంచుకి వెళ్ళాయి. మా సాంగ్లీలో ఏ ఆడదాని కళ్ళయినా అక్కడికే వెళ్తాయి. గిన్నెలూ పళ్ళేలూ ఇంటింటికీ తిరుగుతాయి, తిరిగి రావాలంటే పేరు చెక్కించాలి. ఎవరి గిన్నె మనింట్లో ఉందో, మన గిన్నె ఎవరింట్లో ఉందో చూసుకోవడం ఆడవాళ్ళ చాకిరీలో ఒకటి. మగవాళ్ళు ఆ ప్లేటులో ఏముందో చూస్తారు గాని అంచున ఏముందో చూడరు. ఫొటో పెద్దది చేశాను. చుక్కలు చుక్కలుగా అక్షరాలు కనపడ్డాయి. "సౌ. వైజయంతీ శరద్ కానిట్కర్. స్వప్నపూర్తి. గృహప్రవేశం 2003."

అత్తగారిని మాటల్లో పెట్టి అడిగాను. "వైజయంతి తెలియకపోవడమేమిటి, మా భజన మండలిలో తాళాలు వాయిస్తుంది" అంది. "వాళ్ళాయన శరద్ రావు బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. దేవుడులాంటి మనిషి, ఆడవాళ్ళ వంక తలెత్తి చూడడు. పాపం, ఏడేళ్ళుగా చెవులు సరిగ్గా వినపడవు. రేపు వాళ్ళింట్లో చైత్రగౌరి పేరంటం. నా మోకాళ్ళతో ఎక్కడ పోతాను, నా బదులు నువ్వు వెళ్ళిరా." దేవుడు ఇంత చక్కగా ఏర్పాటు చేస్తాడని నేనెప్పుడూ అనుకోలేదు.

శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా బయలుదేరి, ఎండలో వాళ్ళుండే విశ్రామ్‌బాగ్ దాకా నడిచాను. కావాలనే ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. ఏం అనాలో దారంతా వల్లెవేసుకున్నాను. గేటు మీద స్వప్నపూర్తి అని ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది, గౌరి పేరంటం రోజున ఏ ఆడది వచ్చినా ఎవరని అడగరు. నోరు తెరిచేలోగా అరవై దాటిన ఒకావిడ, వైజయంతే అయి ఉండాలి, నా చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. పసుపు, కుంకుమ పెట్టి, మణికట్టుకి అత్తరు రాసి, ఒళ్ళో నానబెట్టిన శనగలు పోసింది. కొంగు నిండా తడి శనగలు పట్టుకుని ఎవరి మీదయినా కేకలెయ్యడం చాలా కష్టం, కావాలంటే ప్రయత్నించి చూడండి. ఎదురుగా ఇత్తడి ఊయలలో గౌరి, చుట్టూ మల్లెలు, పువ్వులా కోసిన పుచ్చకాయ. చాప మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు మామిడికాయ వేసిన శనగపప్పు తింటున్నారు. వైజయంతి గొంతు మాత్రం బొంగురుగా, అరిచి అరిచి అరిగిపోయినట్టుంది.

"అహో, ఏమండీ! పానకం తెండి! పా-న-కం!" అని వంటింటివైపు అరిచింది. "వినపడదమ్మా ఆయనకి. రోజంతా ఇలా గుడ్లు మిటకరించి అరవాల్సిందే."

ట్రే పట్టుకుని ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, జేబులో బాల్‌పెన్ను. ఏడు భాగాల బాటసారి ఇతనేనా అని నాకు దాదాపు నిరాశ కలిగింది. ఆయన నన్ను చూశాడు. ఆకుపచ్చ చీర చూశాడు. ట్రేలో గ్లాసులు ఒకదానితో ఒకటి గణగణమన్నాయి.

"ఇదిగో, కొత్తగా వచ్చినావిడ ముందు పేరు చెప్పాలి" అంది చాప మీద లావుపాటావిడ. "చెప్పందే పానకం లేదు." మా వైపు పేరంటంలో భర్త పేరు ఊరికే చెబితే ఒప్పుకోరు, ప్రాస కలిపి పాదం కట్టి అందులో ఇమిడ్చాలి. ప్రమోద్‌కి ప్రాసలు పంతొమ్మిదేళ్ళుగా తయారుగా ఉన్నాయి. దారంతా వల్లెవేసుకున్న తిట్లు ఎటు పోయాయో, నోట్లోంచి ఇది వచ్చింది.

"పదకొండు నెలలుగా నా పాటకి రోజూ హాజరు,
ఏకాకి బాటసారి అసలు పేరు శరద్ కానిట్కర్ గారు."

ముందు అందరూ చప్పట్లు కొట్టారు. ప్రాస బాగానే కుదిరింది మరి. తర్వాత ఒక్కొక్కరి చేతులే ఆగాయి. లావుపాటావిడ నోట్లో పప్పు అలాగే ఉంది.

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమంటోందీవిడ? నాకు వినపడలేదు" అన్నాడు.

"గట్టిగా చెప్పమ్మా" అంది వైజయంతి. ఆవిడ మొహంలో రంగు పోయింది, అలవాటు మాత్రం పోలేదు.

"గట్టిగా అక్కర్లేదు కాకూ" అన్నాను, పిన్నీ అని పిలిచినట్టు. ఒక చేత్తో శనగలు పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి, ప్లేటు ఫొటో చూపించాను. ఆవిడ అంచు చూసింది. చెప్పానుగా, ఎవరైనా అక్కడే చూస్తారు.

"మొదట్నించి చదువు" అంది.

చదివాను. బస్‌స్టాపు, ఆకుపచ్చ చీర, సీటు దొరకని బస్సు. ఆవిడ మధ్యలో ఒక్కచోటే ఆపింది. "ఆ గొంతు జీర మాట, అది మళ్ళీ చదువు." మళ్ళీ చదివాను. ఆవిడ పెదవులు ఆ మాటల్ని నా వెనకే మెల్లగా పలికాయి, తన గురించి రాసినట్టు. ఆ చూపు నాకు తెలుసు. తడి చేతులు తుడుచుకుని ఫోను చూసుకునేటప్పుడు నా మొహం అలాగే ఉండి ఉంటుంది.

"ఆ పాట ఒక్కసారి పాడమ్మా" అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేనూ వినాలి కదా."

పాడాను.

"తిరగలి చుట్టూ పిండి రాలుతుంది తెల్లగా,
నా మనసులో మాట ఎవరింట రాలాలే చెల్లెలా."

రెండో పాదం చివర గొంతు జీరపోయింది. ట్రే పట్టుకుని నేల చూస్తున్న ఆయన తల, సరిగ్గా అక్కడ, కొంచెం పక్కకి ఒరిగింది. కళ్ళు సగం మూతపడ్డాయి. అందరం చూశాం. నేను ఎంత చిన్నగా పాడానంటే, నా పక్కనున్నావిడ ముందుకి వంగి విన్నది.

వైజయంతి లేచి, మాకు వీపు తిప్పి, గౌరి ముందు జారిన మల్లెదండ సర్దింది. సర్దుతూనే, దేవుడితో చెప్పుకుంటున్నంత మెల్లగా అంది.

"ఖాళీ గ్లాసులు తియ్యండి."

ఆయన వంగి గ్లాసులు తియ్యడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడోదాని మీద చెయ్యి ఆగిపోయింది.

"ఏడేళ్ళు" అంది ఆవిడ తిరగకుండా. "గొంతు పాడైపోయిందని డాక్టరు అరవొద్దన్నాడు. అరవకపోతే నా మాట ఈ ఇంట్లో ఎవరు వింటారని అడిగాను."

నేను కోపం తెచ్చుకుని వచ్చాను, అది ఎటుపోయిందో తెలియదు. ఈ భూమ్మీద నా గొంతు విన్న మనిషి ఒకడున్నాడని, భయపడుతూ కూడా లోపల ఎక్కడో దాచుకున్నాను. వాడు పెళ్ళానికి చెవులు మూసి, ఆ మిగిలిన వినికిడి నాకిచ్చాడు. నేను ఎదురుచూసిన మాటలన్నీ ఈవిడ కంచంలోంచి తీసి నాకు వడ్డించినవి. ఏడుపొచ్చింది, ఆవిడ కోసమో నా కోసమో విడదీసి చెప్పలేను.

ఆయన ఏదో అనబోయాడు. "మీరు మాట్లాడకండి, నాకు వినపడదు" అంది ఆవిడ. చాప మీద ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. వైజయంతి వంటింట్లోకి వెళ్ళి ఆ ప్లేటు తెచ్చి, పాత పేపరులో చుట్టి నా సంచిలో పెట్టింది. "రేపు పదకొండింటికి స్టేషనుకి రా. నేనూ వస్తాను. ఆ పోహా చేసింది నేనేనని చెబుతాను." గుమ్మం దాకా వచ్చి మళ్ళీ అంది, "ఆ ప్లేటు తిరిగి ఇవ్వక్కర్లేదు."

ఇంటికొచ్చేసరికి ప్రమోద్ టీవీ ముందున్నాడు. క్రికెట్టు, గోల. నేను వంటింట్లో నిలబడి శనగలు గిన్నెలోకి పోసి కడుగుతున్నాను. "పేరంటం అయిందా? టీ పెట్టు. ఆ పేజీ మూసేశావా?" అన్నాడు తల తిప్పకుండా. ఇలాంటప్పుడు నేను టీవీని మించి అరిచి జవాబు చెబుతాను. ఆయన "ఆఁ? ఏంటీ?" అంటాడు. మళ్ళీ అరుస్తాను. చివరికి విసుగొచ్చి ఆయన అడిగింది చేసేస్తాను. పంతొమ్మిదేళ్ళుగా మా సంసారం అలాగే నడిచింది. పాపం, వినపడక కదా అనుకునేదాన్ని. వినపడితే మనిషి మంచివాడే అనుకునేదాన్ని. ఆ ఆశ మీదే ఇన్నేళ్ళు బతికాను.

కుళాయి కట్టేశాను. శనగలతో మాట్లాడుతున్నంత మెల్లగా అన్నాను, "మూయను. రేపు పొద్దున్న బట్టలు మీరు ఆరెయ్యండి, నేను పాడుకోవాలి."

టీవీ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఏంటి? ఎందుకు ఆరెయ్యాలి నేను?"

మా ఆయనకి కూడా వినపడుతుంది.