నూగు తిరగబడిన పదహారు సీట్లు

చిన్నకోడలికి యాభై ఆరేళ్ళు నిండాయి. అత్తగారు పోయి ఇరవయ్యేళ్ళయింది, అలా పిలిచేవాళ్ళూ సగానికి సగం తగ్గిపోయారు, అయినా ఆ పిలుపు మాత్రం ఆవిడను వదల్లేదు. ఆవిడ పని విమానాల సీట్లకు కవర్లు కుట్టడం. ముప్పయ్యేళ్ళుగా అదే మిషను, అదే స్టూలు. విమానం ఎక్కడం మాత్రం ఇది రెండోసారి.

కౌంటర్లో అమ్మాయి టికెట్టు చూసి, కంప్యూటర్ చూసి, మళ్ళీ ఆవిడను చూసింది. "వెనకాల సీట్లన్నీ నిండిపోయాయండీ. మిమ్మల్ని ముందు బిజినెస్ క్లాసులో కూర్చోబెడుతున్నాం. అదనంగా ఏమీ కట్టక్కర్లేదు."

చిన్నకోడలు లోపల ఏనుగెక్కినంత సంబరపడింది. పైకి మాత్రం రోజూ అక్కడే కూర్చునే మనిషిలా మొహం పెట్టి, "సరేలేమ్మా, సర్దుకుంటాను," అంది.

ఈ మధ్య ఆవిడకు అన్నీ కలిసొస్తున్నాయి. పదకొండేళ్ళుగా మాటల్లేని తోడికోడలు వారం కిందట తనంతట తనే ఫోన్ చేసింది. "తప్పు నాదేనే. ఒప్పుకుంటున్నాను. వచ్చే నెల మోకాలికి ఆపరేషన్ చేస్తారట. ఈలోపు ఒక్కసారి వచ్చిపో," అంది. చిన్నకోడలు ఆ మాట మొగుడికి చెప్పింది, కొడుక్కి చెప్పింది, పక్కింటావిడను నిద్రలేపి చెప్పింది, మర్నాడు వర్క్‌షాపులో మిషన్లన్నీ ఆపించి మరీ చెప్పింది. "నేను అప్పుడే అనలేదూ?" అని ప్రతి ఒక్కరినీ అడిగింది. క్షమించడానికి వెళ్ళే మనిషి కాళ్ళు నేల మీద ఆనవు. సూట్‌కేసును అలాగే, గాల్లో తేలుతున్నట్టు లాక్కుంటూ విమానం ఎక్కింది.

ఆ తప్పు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు. వర్క్‌షాపులో బట్ట కోసేది పెద్దకోడలు, కుట్టేది చిన్నకోడలు. పెద్దామెను అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. టేపు పెట్టకుండా కంటిచూపుతో కోసినా నూలుపోగంత తేడా వచ్చేది కాదు. సీటు బట్టకు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే చెయ్యి జారిపోతుంది, ఎదురు నిమిరితే ఆగుతుంది. పడుకునే సీట్లలో ఆ నూగు తలవైపు వాలి ఉండాలి. అప్పుడే నిద్రలో మనిషి కాళ్ళవైపు జారకుండా బట్ట పట్టుకుంటుంది. నడుమ వచ్చే ముక్క నలుచదరం, ఎటు తిప్పి కుట్టినా అతుకు సరిపోతుంది. అందుకని కత్తెరమ్మ ప్రతి ముక్క వెనకా, నూగు ఎటు వాలితే అటు, స్కెచ్ పెన్నుతో ఒక బాణం గీసేది. ఆ బాణం మొన తలవైపు వచ్చేలా కుట్టడం చిన్నకోడలి పని.

ఒకసారి ఒక విమానానికి పదహారు సీట్లు తొందర తొందరగా చేసి పంపారు. నెల తిరక్కుండా విమానం వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పడుకున్న ప్రయాణికులు పడుకున్నట్టే కిందికి జారిపోతున్నారట. విమానం అప్పటికే ఎక్కడో తిరుగుతోంది, కవర్లు విప్పి చూసే దారి లేదు. బాణం తప్పు గీశారా, బాణం సరిగ్గానే ఉన్నా ముక్క తిరగేసి కుట్టారా? మేనేజరు ఇద్దరినీ పిలిచి అడిగాడు.

"నేను బాణం చూసే కుట్టాను. గీసిందే అలా గీశారు," అని చిన్నకోడలు బల్ల గుద్ది చెప్పింది. పెద్దకోడలు బల్ల గుద్దే రకం కాదు. "సరిగ్గానే గీసినట్టు గుర్తు," అని మాత్రం అంది. బల్లకీ గుర్తుకీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా? పెద్దామె ఆ నెలాఖరుకి పని మానేసి, మొగుణ్ణి తీసుకుని, వేరే దేశంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజున చిన్నకోడలు వీధి గుమ్మం దాకా కూడా రాలేదు.

ఇక విమానం. బిజినెస్ క్లాసు అంటే ఏదో ఊహించుకుని అడుగుపెట్టిన చిన్నకోడలికి, పాతబడిపోయిన పెద్దింటి హాల్లోకి వచ్చినట్టు అనిపించింది. ఒకప్పటి దర్జా అంతా ఉంది, వయసు మీదపడింది అంతే. తెరకు రెండు కొక్కాలు లేవు. చేతికింద సిగరెట్ల బూడిద వేసే చిన్న డబ్బాను ఎప్పుడో మూసేసి మేకు కొట్టేశారు. చదువుకునే దీపం తడితే వెలుగుతోంది, ఇంకోసారి తడితే ఆరనంటోంది. ఎదుట టీవీలో విమానం బొమ్మ సముద్రం మధ్యలో ఆగిపోయి, బయల్దేరకముందే అక్కడికి చేరినట్టు చూపిస్తోంది.

ఆవిడ ముందుగా సీటు మూల తడిమింది. అతుకు చివర మూడు కుట్లు వెనక్కి వేసి, మళ్ళీ రెండు ముందుకు. లోకంలో ఇంకెవరూ అలా వెయ్యరు. "నాదే!" అని పైకే అనేసింది. ముదురు నీలం బట్ట వెలిసి బూడిద రంగుకి వచ్చింది కానీ ఒక్క కుట్టు కూడా ఊడలేదు. కన్నబిడ్డ పెద్ద ఉద్యోగంలో కనిపించినంత ఆనందం వేసింది ఆవిడకు.

పక్క సీటులో లావుపాటి పెద్దమనిషి. నీళ్ళ పంపులు అమ్ముతాడట, నెలకు రెండుసార్లు ఈ దారినే తిరుగుతాడట. ఆయన దిండు తీసి తలకింద పెట్టుకోకుండా కాళ్ళ చివర ఇరికిస్తున్నాడు.

"అదేంటండీ, అటు పెడుతున్నారు?"

"మీకు కొత్తనుకుంటా. ఈ విమానంలో ఇంతేనమ్మా. తల ఇక్కడ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అక్కడ తేలతాం. అడ్డం పెట్టుకోకపోతే కష్టం."

చిన్నకోడలు నవ్వి, తన దిండు తలవైపే సర్దుకుంది. ఏ మాటా చెవికి ఎక్కని సంతోషంలో ఉంది మరి. రొట్టె తిని, సూప్ తాగి, బటన్ నొక్కింది. సీటు ముసలాయన కుర్చీలోంచి లేచినట్టు మూలుగుతూ, ఆగుతూ, మొత్తానికి పరుచుకుంది. దీపాలు తగ్గించారు. ఇంజను చప్పుడు దుప్పటిలా ఒంటిమీదికి వచ్చింది.

నిద్ర ఎప్పుడు పట్టిందో తెలీదు. కలలో వర్క్‌షాపు ఉంది కానీ గోడల్లేవు. బల్ల మీద నీలం బట్ట పరిచి ఉంది, దానికి చివరనేది లేదు. కత్తెరమ్మ దాని వెంట కోసుకుంటూ పోతోంది, కత్తెర చప్పుడు మెత్తగా, ఎవరో చెవిలో ఊసులు చెబుతున్నట్టు ఉంది. "అక్కా, ఆగు," అంటూ చిన్నకోడలు ఆ బట్ట మీదే వెనకాల బయల్దేరింది. అడుగు వేస్తే కాలు జారింది. జారడం హాయిగానే ఉంది. మబ్బుల పక్కనుంచి, మిషన్ల పక్కనుంచి, చిన్నప్పుడు ఎక్కిన గడ్డివాము పక్కనుంచి జారుతూ పోతోంది. పైన కత్తెరమ్మ చిన్నదైపోతోంది. చెయ్యి చాపితే వేళ్ళ కింద నూగు మెత్తగా వాలి దారి ఇస్తోందే తప్ప పట్టుకోవడం లేదు.

మోకాళ్ళు దేనికో కొట్టుకుని మెలకువ వచ్చింది. చూస్తే ఆవిడ సీటు చివర, కాళ్ళు పెట్టుకునే గూట్లో ముడుచుకుని ఉంది. దిండు ఎక్కడో మూరెడు పైన ఒంటరిగా ఉంది. పంపులాయన గురక పెడుతున్నాడు, దిండుకి పాదాలు తన్నిపెట్టి, చెక్కుచెదరకుండా.

అప్పుడు తెలిసింది ఆవిడకు. ఇది ఆ పదహారులో ఒకటి.

అరచెయ్యి పరిచి సీటు మీద కాళ్ళవైపు నిమిరింది. జర్రున జారింది. తలవైపు నిమిరితే ఆగింది. ఉత్తరంలో రాసింది నిజమే. ఆవిడకు మళ్ళీ సంబరమేసింది. ఇన్నాళ్ళకు సాక్ష్యం తన ఒంటి కిందే దొరికింది. నూగు కాళ్ళవైపు ఉందని తేలింది కదా, ఇక లోపల బాణం మొన తలవైపు ఉంటే తప్పు గీసినవాళ్ళదే. చూసి, ఫోనులో ఫోటో తీసుకుని వెళ్తే పోలా? ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, మెత్త అంచు ఎత్తి, అడుగున జిప్పు పట్టుకుని లాగింది. తను వేసిన జిప్పు తన మాట వినకుండా ఎలా ఉంటుంది? కవరు మడిచి, ఆరనంటున్న దీపం కిందికి తెచ్చి చూసింది.

బాణం ఉంది. పదకొండేళ్ళయినా చెరగలేదు. మొన కాళ్ళవైపు ఉంది.

ఆవిడ దాన్ని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. తలకిందులుగా తను కూర్చుందేమోనని లేచి నిలబడి చూసింది. నూగు ఎటో బాణం అటే. కత్తెరమ్మ సరిగ్గానే గీసింది. తిరగేసి కుట్టింది తనే.

"ఏమ్మా, ఏమైనా పడిపోయిందా?" పెద్ద ఎయిర్‌హోస్టెస్ మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి గుసగుసగా అడిగింది. నెరిసిన జుట్టు, చెప్పులు విప్పి చప్పుడు కాకుండా నడుస్తోంది.

"లేదమ్మా. ముందు వరసలో రెండు ఖాళీగా ఉన్నాయి కదా, వాటిలో ఒకసారి కూర్చోవచ్చా?"

"కూర్చోండి. ఏది చూసినా ఒకటే. ఈ నెలాఖరుకి విమానం విడగొట్టేస్తున్నారు, సీట్లన్నీ తుక్కులోకే."

రెండు సీట్లూ చూసింది. రెండు బాణాలూ కాళ్ళవైపే. తిరిగొచ్చి కవరు సరిచేసి, జిప్పు వేసి, దాని మీదే కూర్చుంది. ఆ రోజు గుర్తొచ్చింది. కొడుక్కి జ్వరం, ఇంటికి వెళ్ళే తొందర. ముక్కల దొంతర మొత్తం ఒక్కసారిగా తిప్పి మిషను పక్కన పెట్టుకుంది. బాణం చూసింది ఒక్క మొదటి ముక్కదే, అదీ తిప్పకముందు. చూశానని బల్ల గుద్దింది మాత్రం పదహారింటికీ.

కిటికీ బయట ఏమీ లేదు. నలుపు కూడా కాదు, నలుపు అరిగిపోయి మిగిలిన రంగు. ఆ రంగులోకి చూస్తూ చిన్నకోడలు లెక్క వేసుకుంది. నెలాఖరుకి ఈ బాణాలు ఉండవు. కత్తెరమ్మే తప్పు ఒప్పుకుంది కదా, తను పెద్దమనసు చేసుకుని "పోనీలే అక్కా" అంటే చాలు, ఇద్దరూ కలిసిపోతారు. నిజం చెబితే? ముసలితనంలో దొరికిన మాటలు మళ్ళీ తెగిపోతాయి. చెప్పకపోతే ఎవరికి నష్టం? ఈ లెక్క ఆవిడకు ఎంతో బాగా కుదిరింది. అయినా కుదిరిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి వేసుకుంది.

మళ్ళీ కునుకు పట్టింది, మళ్ళీ జారింది, మళ్ళీ లేచింది. ప్రతిసారీ కలలో కత్తెర చప్పుడు ఇంకొంచెం దూరమైంది. ఆఖరిసారి అసలు వినిపించలేదు.

దిగే వేళకు సీటు నిలబడనని మొరాయించింది. పంపులాయన ఒకవైపు, ఎయిర్‌హోస్టెస్ ఒకవైపు పట్టి లేపారు. "బాగా నిద్ర పట్టిందా అమ్మా?" అన్నాడాయన. చిన్నకోడలు తల ఊపింది, ఏమని ఊపిందో ఆయనకు అర్థం కాలేదు.

బయట హాల్లో పెద్దకోడలు చేతికర్రతో నిలబడి ఉంది. చిక్కిపోయింది. ఒంటి మీద కొత్త కోటు, చేతులు పొడవైపోయి రెండు మడతలు పెట్టి పిన్నులు గుచ్చి ఉన్నాయి. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఏడుపు అయ్యాక చిన్నకోడలి కళ్ళు ఆ పిన్నుల మీద పడ్డాయి. అలవాటు మరి.

"ఇదేంటక్కా, చేతులు రెండంగుళాలు కోసి మడత కుట్టించుకోవచ్చుగా? నీకిదొక పనా?"

"కత్తెర ముట్టుకోనే నేను." పెద్దామె నవ్వబోయింది. "ఆ సీట్ల తర్వాత మానేశాను. మొదట్లో నేను సరిగ్గా గీశాననే అనుకున్నాను. నువ్వు అంత గట్టిగా అనేసరికి, ఏమో, నాకే తెలీకుండా గీశానేమో అని పట్టుకుంది. ఇక్కడికొచ్చాక మనవరాలి గౌను కోద్దామని కూర్చుంటే చెయ్యి వణికింది. నా చేతినే నేను నమ్మలేకపోతే ఇంకేం కోస్తాను? పోనీలే, అయిపోయిందిగా. నన్ను క్షమించావు కదా?"

చిన్నకోడలి నోట్లో "పోనీలే అక్కా" సిద్ధంగా ఉంది. రాత్రంతా దాన్నే కదా సాన పట్టుకుంది. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"అక్కా, నేను ఆ విమానంలోనే వచ్చాను. కవరు విప్పి చూశాను. నూగు ఎటుందో నీ బాణం అటే ఉంది. తిరగేసి కుట్టింది నేను."

పెద్దామె అర్థం కానట్టు చూసింది. పక్కనుంచి సూట్‌కేసుల బండి ఒకటి వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

"నీ కళ్ళతో చూశావా?"

"మూడు సీట్లు చూశాను. మూడూ అంతే."

"అయితే నేను సరిగ్గానే గీశాను."

"సరిగ్గానే గీశావక్కా."

చిన్నకోడలు తిట్లకు సిద్ధపడి నిలబడింది. ఒక చెంపదెబ్బ పడినా బాగుండనిపించింది. పెద్దామె తిట్టలేదు. చేతికర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఇంటికి పద. స్నానానికి నీళ్ళు పెట్టి ఉంచాను, నీ పక్క కూడా వేసి ఉంచాను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండు. కానీ ఈ పూటకి నాతో మాట్లాడకు. నా వల్ల కాదు."

టాక్సీలో ఇద్దరూ చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చిన్నకోడలు అడిగినవెంటనే నోరు మూసుకుంది. రోడ్డు మలుపు తిరిగాక పెద్దామె కోటు చేతికి గుచ్చిన పిన్నులు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. మడత విప్పింది. బొటనవేలు మణికట్టు దగ్గర ఆనించి, ఎక్కడ కోయాలో వేలితో ఒక గీత గీసింది. చెయ్యి వణకలేదు. దాన్ని అలాగే చూస్తూ, చప్పుడు లేకుండా, పదకొండేళ్ళ ఏడుపు ఏడ్చింది.