ఇంకొక్క బిగింపు

మెన్నా సంచిలో రెండు రాత్రి గౌన్లు, సబ్బు, కళ్ళజోడు, ఊలు మేజోళ్ళు పెట్టింది. మూసిన సంచిని మళ్ళీ తెరిచి మేజోళ్ళు లెక్క చూసుకుంది. ఆసుపత్రి నలభై మైళ్ళ దూరం, కొండ దారి. తొమ్మిదిన్నరకు అక్కడ ఉండాలి. పన్నెండింటికి గుండె ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతారు.

"మత్తిచ్చే దాకా నా చెయ్యి పట్టుకోవాలి. మాటిచ్చావు" అంది.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?" అన్నాడు ఆమె భర్త ఇడ్రిస్, బూట్ల లేసులు కట్టుకుంటూ.

అరవై మూడేళ్ళవాడు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లగా ఉండిపోయింది. నలభై రెండేళ్ళుగా కొండ కింద టైర్ల దుకాణంలో పని. ఇరవై మూడో ఏట అతను బిగించిన వ్యాను చక్రం ఒకటి కనుమ దారిలో ఊడిపోయింది. ఆ వ్యాను నడిపే మనిషికి చెయ్యి విరగడంతో సరిపోయింది. అప్పటి నుంచి ఇడ్రిస్‌కు ఒక అలవాటు. బిగింపు సరిపోగానే రెంచి టిక్కుమంటుంది, అందరూ అక్కడితో ఆగుతారు. అతను మాత్రం ఇంకొక్కసారి లాగుతాడు. దుకాణంలో ఎంత నవ్వినా మానలేదు.

ఎనిమిదికి వాళ్ళు బయటికొచ్చేసరికి సన్నటి వాన పడుతోంది. కారు ముందు ఎడమ చక్రం గాలి పోయి నేలకు అతుక్కుని ఉంది. పలకరాతి పెచ్చు ఒకటి టైరులో దిగబడింది.

ఇడ్రిస్ కోటు విప్పి స్టెప్నీ దింపాడు. నాలుగు నట్లు వదులయ్యాయి. అయిదోది తాళపు నట్టు. దొంగలు చక్రం ఎత్తుకుపోకుండా చక్రానికొకటి వేస్తారు. దాని తలమీది గాళ్ళకు సరిపడే తాళం ముక్క ఒక్కటే ఉంటుంది. ఆ ముక్క పెట్టి రెంచి మీద బరువంతా వేశాడు. ముక్క పళ్ళు పుటుక్కున విరిగాయి.

"ఎవరు బిగించారో మహానుభావుడు!" అంది మెన్నా.

అతను విరిగిన ముక్కను జేబులో వేసుకున్నాడు.

ఎదురింటి గ్లెనిస్ గొడుగు వేసుకుని వచ్చింది. మొగుడు పోయాక కూడా కారు తనే నడుపుకుంటున్న మనిషి. "ఇద్దరూ నా బండి ఎక్కండి. ఆ దిక్కుమాలిన నట్టుతో కుస్తీ రేపు పట్టొచ్చులే!"

ఇడ్రిస్ లేవబోయి ఆగాడు. ఇలాంటివి ఊళ్ళోవాళ్ళకు ఎన్ని ఊడదీశాడు! పది నిమిషాల పని. "మీరు పదండి. వెనకే వచ్చేస్తా. మెన్నాని మళ్ళీ ఇంటికి తీసుకురావడానికి మా కారు ఉండాలి కదా."

"వస్తావుగా?" అంది మెన్నా కారు అద్దం దించి.

చెయ్యి చాపింది. అతను తన అరచేతులు చూపించాడు. తుప్పు, నల్లటి జిడ్డు.

"అమ్మో, వద్దులే. కోటు ఉతికించి రెండు రోజులు కాలేదు" అంది మెన్నా.

"అక్కడికొచ్చి కడుక్కుని పట్టుకుంటా" అన్నాడు.

గ్లెనిస్ కారు మలుపు తిరిగింది.

రెంచికి తగిలించే సాకెట్లలో కొంచెం చిన్నది ఒకటి నట్టు మీద సుత్తితో కొట్టి ఎక్కించాడు. దొంగలకు పట్టు దొరక్కుండా నట్టు చుట్టూ వదులుగా వేసిన పట్టీ వట్టినే గిరగిరా తిరిగింది. ఉలితో ఆ పట్టీని చీల్చడానికి గంటన్నర పట్టింది. మళ్ళీ సాకెట్ ఎక్కించి, రెంచి పిడికి పొడుగాటి ఇనుప గొట్టం తొడిగి లాగాడు. గొట్టం జారి మోకాలు రోడ్డుకు కొట్టుకుంది. ఇంత బిగువున బిగించింది ఎవరో అతనికి తెలుసు. కిందటి వసంతంలో, ఒక ఆదివారం, రెంచి టిక్కుమన్నాక తనే. మెన్నా అప్పుడు గుమ్మంలో నిలబడి, "చాల్లే, టీ చల్లారిపోతోంది" అని పిలిచింది.

పదకొండు దాటాక నట్టు కీచుమని అరిచి కదిలింది. స్టెప్నీ ఎక్కించాడు. రెంచి టిక్కుమంది. ఇంకొక్కసారి లాగాడు. అలా మిగిలిన నాలుగు నట్లకూ లాగాడు. లాగడం అయ్యాక గాని తనేం చేశాడో తెలియలేదు. రెంచి డిక్కీలో పడేసి కారెక్కాడు.

ఆసుపత్రి చేరేసరికి పన్నెండూ ఇరవై. నడవా చివర కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు, రెండుసార్లు. గ్లెనిస్ మెన్నా కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పన్నెండింటికే తీసుకుపోవడానికి వచ్చారు. 'కాసేపు ఆగండి, మా ఆయన వస్తాడు' అంది మెన్నా. ఆగారు కూడా, పాపం, అయిదు నిమిషాలు. తర్వాత తీసుకుపోయారు."

ఇడ్రిస్ తడి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

మెన్నా ఆపరేషన్ గది తలుపు లోంచి తిరిగి రాలేదు. ప్రాణం పోయేసరికి నవంబరు పన్నెండు, గురువారం, మధ్యాహ్నం మూడున్నర.